మాత్రల నిమజ్జనం

ఇకమీదట కంచరపాలెంలో ఎవరూ గుండెపోటుతో చనిపోరాదని మాజీ కార్పొరేటర్ భీమశంకరరావు గారు ప్రకటించారు. రైలు కట్ట పక్కన వేసిన షామియానా కింద, ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. చచ్చిపోవద్దని నన్ను అంత బహిరంగంగా అంతవరకూ ఎవరూ కోరలేదు.

నా పేరు జగ్గారావు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. సరుకు బరువెంతో చూపుతోనే చెప్పేవాణ్ణి గానీ, మనుషుల మాటల బరువెంతో తేల్చుకోవడం నాకు ఈనాటికీ చేతకాలేదు. పోయినేడు నాకు గుండెపోటు వస్తే ఆసుపత్రిలో లోపల చిన్న గొట్టమేదో వేసి పంపించారు. "ఈ మాత్రలు ఒక్కపూట కూడా మానకు. మానితే మళ్ళీ నా దగ్గరికి రావు, సరాసరి పైకి పోతావు" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నాకంటే నా భార్య తాయారు బాగా విన్నది. ఆనాటి నుంచీ మాత్ర వేసుకున్నాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తే గానీ నన్ను వదిలేది కాదు.

భీమశంకరరావు గారి తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఈయన ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగి, మా వార్డుకు వచ్చి నాయకుడయ్యారు. పోయిన ఎన్నికల్లో ఓడిపోవడంతో మా కాలువల గురించి, వీధిదీపాల గురించి పట్టించుకునే అధికారం ఆయనకు పోయింది. అందుకని మా గుండెల గురించి పట్టించుకోవడం మొదలుపెట్టారు. 'ఉక్కుగుండె ప్లస్' అనే కాప్సూల్స్‌కి ఉత్తరాంధ్ర మొత్తానికీ ఆయన బావమరిదే డీలరు కావడం కేవలం దైవఘటన. "ఉక్కుగుండె మన హక్కు" అనే నినాదం కూడా ఆయనే రాశారు. సీసా ధర మాత్రం ఇక్కడ చెప్పను, గుండె జబ్బున్నవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు.

ప్రకటన అయ్యాక ఉచిత బీపీ శిబిరం పెట్టారు. కంపెనీ మార్కెటింగ్ మేనేజరు సాయిశంకర్ టై కట్టుకుని, ఉక్కపోతకు చెమటలు కక్కుతూ, స్వయంగా యంత్రం దగ్గర కూర్చున్నాడు. ఆ యంత్రానికి చిన్నా పెద్దా తేడా లేదు. పూలమ్మే పోతమ్మకీ బీపీ ఎక్కువే, బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌కీ ఎక్కువే. టీకొట్టు కోటికి అనుమానం వచ్చి, సాయిశంకర్ అటు తిరగ్గానే యంత్రం పట్టీని షామియానా గుంజకు చుట్టి మీట నొక్కాడు. గుంజకు కూడా ఎక్కువే వచ్చింది.

"సార్, గుంజకి కూడా బీపీ ఉన్నాది!" అని అరిచాడు కోటి.

సాయిశంకర్ చలించలేదు. "చూశారా? ఎవ్వరూ సేఫ్ కాదు" అన్నాడు.

జనం కంగారుపడి సీసాల దగ్గర వరుస కట్టారు. నేను కూడా కట్టాను. వరుసలో ఊరుకోలేక, నా గుండెలో గొట్టం ఉన్న సంగతి ముందున్నవాడికి చెప్పాను. అది సాయిశంకర్ చెవిన పడింది. అతను లేచి నిలబడి, వేలం పాటలో మంచి ఎద్దు దొరికినట్టు నన్ను తేరిపార చూశాడు.

"సార్! మనకి లైవ్ టెస్టిమోనియల్ దొరికింది!"

భీమశంకరరావు గారు వేదిక దిగివచ్చి నన్ను కావలించుకున్నారు. ఒక చేత్తోనే. రెండో చెయ్యి గుండె మీదే ఉంది. ఆయన ఎక్కడ కనిపించినా కుడిచెయ్యి ఎడమ జేబు మీదే ఉంటుంది. ఎంత నిజాయితీ ఉంటే ఒక మనిషి పొద్దస్తమానం ఒట్టు వేస్తున్నట్టు తిరుగుతాడు!

"జగ్గారావు గారూ, మీరా ఇంగ్లీషు మాత్రలు మానేసి మన ఉక్కుగుండె వాడాలండి. మిమ్మల్ని చూసి జనం బాగుపడాలి. ఏమంటారు?" అన్నారు.

"డాక్టరమ్మ మానొద్దన్నాదండీ..."

"అలాగే అంటారండి బాబూ! మీరు మానేస్తే వాళ్ళ వ్యాపారం ఏం గాను? వాళ్ళది వ్యాపారం. మనది సేవ."

నేను ఇంకా నసుగుతుంటే సాయిశంకర్ నా భుజం మీద చెయ్యి వేసి, "అంకుల్, జంక్షన్‌లో మీ ఫ్లెక్సీ పెడతాం. పెద్దది. మీ ఒక్కరి ఫోటోయే" అన్నాడు.

అక్కడ నేను పడిపోయాను. ఇన్నేళ్ళ పార్టీ సేవలో ఫ్లెక్సీల కింది వరుసలో తపాలాబిళ్ళంత ఫోటోగా ఉండటమే నా బతుకు. ఒకసారి ఆ బిళ్ళ కింద కూడా వేరేవాడి పేరు వేశారు. డాక్టరమ్మ నాకు ప్రాణం మాత్రమే ఇచ్చింది. ఈయన ఫ్లెక్సీ ఇస్తానంటున్నారు.

సీసా పట్టుకుని ఇంటికి వెళ్ళి, మాత్రలు మానేస్తున్నానని తాయారుకు చెప్పాను.

"ఏటయ్యా, నీకు మతి గాని పోనాదా? మానితే సచ్చిపోతావని ఆ డాక్టరమ్మ సెప్పలేదేటి?"

"ఆవిడిది వ్యాపారమే. మనది సేవ."

"ఎవులికి సేవ? ఆయన బావమరిదికా?"

తాయారు సీసా లాక్కుని, ఒక కాప్సూల్ విప్పి, పొడి నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మేసింది. "ఇది తవుడు కదయ్యా!"

"పక్కన 'ప్లస్' అని రాసున్నాది సూడు."

నేను ఎదురుచూసింది పెద్ద గొడవ. కానీ తాయారు నిట్టూర్చి, "సరే, మానీ. ఈ సీసా మాత్రం నా కాడే ఉంటాది. పూటపూటకీ నానే ఇత్తాను, నోరు తెరిసి సూపించాల" అంది. మా పెళ్ళయ్యాక నా మాట నెగ్గడం అదే మొదటిసారి. నాయకుడి ప్రభావం ఇంటిదాకా ఎలా వస్తుందో ఆ పూట అర్థమైంది.

ఆనాటి నుంచీ తాయారు భక్తి చూడాలి. రోజూ పొద్దున్నే సీసా, పళ్ళెం పట్టుకుని పెరట్లో కూర్చునేది. కోళ్ళు ఆమె చుట్టూ మూగేవి. "ఏటి సేత్తన్నావే?" అని గుమ్మంలోంచి అడిగితే, "పురుగు పట్టిందేటోనని సూత్తన్నాను, నువ్వు లోపలికి పో" అనేది. అంత శ్రద్ధగా చూసి, కాప్సూల్ తెచ్చి నా నోట్లో వేసేది. నెలకోసారి ఆసుపత్రి వైపు ఏదో పని పెట్టుకుని వెళ్ళొచ్చేది. మేం పెంచుకునే కోళ్ళు కూడా ఆ రోజుల్లో బాగా ఒళ్ళు చేశాయి.

నేనూ ఒళ్ళు చేశాను. ఆయాసం లేదు, నొప్పి లేదు. జంక్షన్‌లో నా ఫ్లెక్సీ లేచింది. "మాత్రలు మానాను, మనిషినయ్యాను" అని నేను అన్నట్టు రాసి ఉంది. నేను ఎప్పుడన్నానో గుర్తులేదు గానీ, అంత పెద్ద అక్షరాల్లో ఉన్నాక అనే ఉంటాను. రోజూ సాయంత్రం కూరగాయలకని బయల్దేరి దాని కింద కాసేపు నిలబడేవాణ్ణి. ఎవరైనా ఫ్లెక్సీ చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫ్లెక్సీ చూస్తారేమోనని. భీమశంకరరావు గారిలాగే నేను కూడా కుడిచెయ్యి జేబు మీద పెట్టుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. నా జేబులో బస్సు పాసు ఉండేది.

"ఆయన జేబులో ఏటున్నాదయ్యా, అలగ అదిమిపట్టుకుంతాడు?" అని తాయారు ఒకసారి అడిగింది.

"హృదయం" అన్నాను.

"అది జేబులో ఉంటాదేటి?" అని పనిలో పడిపోయింది.

ఆ మధ్య చూపించుకోవడానికి వెళితే డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "శభాష్ జగ్గారావూ, మాత్రలు చక్కగా వాడుతున్నావు. ఇలాగే వాడు" అంది. నేను కిసుక్కున నవ్వుకున్నాను. పక్కనున్న తాయారు నవ్వలేదు. ఈ సంగతి పార్టీ ఆఫీసులో చెప్పగానే రెండో ఫ్లెక్సీ లేచింది: "వైద్యలోకాన్నే బురిడీ కొట్టించిన జగ్గారావు!" 'అబ్బురపరిచిన' అని ఉండాలని నేను అన్నాను. సాయిశంకర్ మాత్రం బురిడీ అయితేనే మాస్‌లోకి వెళుతుందన్నాడు.

మా వీధిలో చాలామంది నన్ను చూసి మాత్రలు మానేశామని చెప్పారు. నాకు గర్వంగా ఉండేది, అప్పుడప్పుడు తెల్లవారుజామున మెలకువ వస్తే కొంచెం భయంగా కూడా ఉండేది. నన్ను చూసి మానేసినవాడు ఎవడైనా పోతే? కానీ పొద్దున్నే ఫ్లెక్సీ చూసుకోగానే ఆ భయం పోయేది.

కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. భీమశంకరరావు గారికి మహత్తరమైన ఆలోచన వచ్చింది.

"వినాయకుణ్ణి సముద్రంలో కలుపుతున్నామండి. దుర్గమ్మను కలుపుతున్నాం. ఈ ఇంగ్లీషు మాత్రల్ని కలపలేమాండీ?"

"సూపర్ సార్! మాత్రల నిమజ్జనం!" అన్నాడు సాయిశంకర్. "ఎమోషనల్ కనెక్ట్ అదిరిపోద్ది. ఊరేగింపులో బ్యాండు బదులు తప్పెటగుళ్ళు పెడదాం సార్. గుండె మీద కట్టుకుని వాయించేది ఇండియా మొత్తం మీద అదొక్కటే అనుకుంటా. మధ్యలో మీరు కూడా ఒక తప్పెట కట్టుకుని ఆడాలి. మీ గుండె ఎలాంటిదో జనం కళ్ళారా చూస్తారు."

భీమశంకరరావు గారి చెయ్యి జేబు మీద బిగుసుకుంది. "నేను ఆడాలాండీ?" అన్నారు. అప్పటికే ఫ్లెక్సీలు ప్రింటుకు వెళ్ళిపోయాయి. ఈ ఊళ్ళో ఫ్లెక్సీ మీద పడ్డాక మనిషికి వెనక్కి తగ్గే వీలుండదు. ఆ విషయంలో ఆయనా నేనూ ఒకటే.

నిమజ్జనం రోజు ఇంటింటి నుంచీ మాత్రల మూటలు వచ్చాయి. పసుపు రాసిన పెద్ద ఘటంలో వేసి, దండ వేసి, లారీ మీద పెట్టారు. మా మాత్రల్ని తాయారు పసుపుగుడ్డలో మూడు ముళ్ళు వేసి మూటకట్టి ఇచ్చింది. "విప్పకు, దోసం" అంది. మూట చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఎంతయినా అవి నన్ను కొంతకాలం బతికించిన మాత్రలు.

బీచి దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. ఎలమంచిలి వైపు నుంచి వచ్చిన తప్పెటగుళ్ళ దళం గజ్జెలు కట్టుకుని సిద్ధంగా ఉంది. దళం పెద్ద నూకాలు తప్పెట పట్టుకుని భీమశంకరరావు గారి ముందుకు వచ్చాడు.

"సొక్కా ఇప్పీండి బాబూ. సొక్కా మీద కడితే జారిపోద్ది."

"చొక్కా ఉండాలండి" అన్నారు ఆయన.

"ఇప్పితేనే పలుకుద్ది బాబూ."

"పలక్కపోయినా ఫర్వాలేదండి. చొక్కా ఉండాలి!"

నూకాలు చేసేది లేక చొక్కా మీదే పెట్టి, జారకుండా వెనక మెడకూ నడుముకూ తాళ్ళు బిగించి కట్టాడు. జేబు సరిగ్గా తప్పెట కిందకు పోయింది. చెయ్యి పెట్టుకునే చోటు లేక ఆయన కుడిచెయ్యి గాల్లో అటూ ఇటూ తడుముకుంది. అంత పెద్ద నాయకుడు ఒక్కసారిగా దారి తప్పినవాడిలా కనిపించాడు.

ఆట మొదలైంది. భీమశంకరరావు గారు మొదట బాగానే గెంతారు. జనం ఈలలు వేశారు, సాయిశంకర్ ఫోన్లో లైవ్ పెట్టాడు. కాసేపటికి ఆయన ముఖమంతా చెమట పట్టింది. రెండు చేతులతో తప్పెట అంచులు పట్టుకుని గుంజారు, అది రాలేదు. వేళ్ళు కిందకు దూర్చబోయారు, దూరలేదు. ఇక దాని మీద దబదబా బాదడం మొదలుపెట్టారు. తప్పెటగుళ్ళలో మధ్యన ఆడేవాడు అలా బాదితే జోరు పెంచమని సైగ. దళం జోరు పెంచింది.

ఆయన మోకాళ్ళ మీద పడ్డారు. దళమంతా మోకాళ్ళ మీద కూర్చుని వాయించింది. ఆయన వెల్లకిలా ఒరిగిపోయారు. దళమంతా ఇసుకలో వెల్లకిలా పడుకుని వాయించింది. బీచి మారుమోగిపోయింది. నా జీవితంలో అంత క్రమశిక్షణ గల కార్యక్రమం పార్టీలో చూడలేదు.

"బాబు అడుగు కొత్తగా ఉన్నాదిరా" అని నూకాలు పడుకునే మెచ్చుకున్నాడు.

నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి ఆయన పెదాలు చూశాను. పోయినేడు అద్దంలో నావీ అలాగే ఉన్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. వెంటనే అక్కడ వేసిన వేదిక మీదున్న ఉక్కుగుండె సీసా అందుకుని పరిగెత్తాను. పిడికెడు కాప్సూల్స్ ఒంపుకుని, "నోరు తెరవండి సార్! ఉక్కుగుండె!" అన్నాను. ఆయన పళ్ళు బిగించేశారు. తల అడ్డంగా ఊపారు. చావుబతుకుల్లో కూడా తన వాటా ప్రజలకే వదిలేస్తున్నారనుకుని నాకు ఏడుపొచ్చింది. బలవంతంగా ఒకటి నోట్లో తోస్తే నా ముఖం మీద ఉమ్మేశారు.

"జే...బు" అన్నారు.

"తప్పుకో!" అని ఎవరో నన్ను పక్కకు నెట్టారు. తాయారు. ఆమె ఆయన్ని ఒక పక్కకు దొర్లించి, వెనక ముడి పళ్ళతో లాగి విప్పి, తప్పెట అవతల పారేసి, జేబులో చెయ్యి పెట్టింది. ఒక చిన్న మాత్రల అట్ట బయటికి వచ్చింది. పోయినేడు నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరమ్మ నాకిచ్చిందీ అదే. తాయారు ఒకటి నొక్కి ఆయన నాలుక కింద పెట్టింది. "అలగ సూత్తారేటి? అంబులెన్సుకి ఫోన్ సెయ్యండి!" అని అరిచింది.

"నీకెలగ తెలిసిందే?" అన్నాను.

"ఆ సెయ్యి ఎప్పుడూ ఆడే ఉంటాది కదా. నువ్వు సూడనేదా?" అంది.

అంబులెన్సు వెళ్ళాక ఘటాన్ని పట్టించుకునేవాళ్ళు లేకపోయారు. ఒడ్డున పెట్టిన దాన్ని ఒక అల వచ్చి దొర్లించింది. సముద్రం తనది కానిది ఏదీ ఉంచుకోదు. మూటలన్నీ విప్పి ఒడ్డుకు తోసేసింది. పెప్పర్‌మెంట్లు, దగ్గుబిళ్ళలు, సుద్దముక్కలు, చొక్కా బొత్తాలు తడి ఇసుక మీద మెరుస్తున్నాయి. గుండె మాత్ర అన్నది ఒక్కటి కనపడితే ఒట్టు. కోటి, పోతమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకు వెళ్ళిపోయారు. మా పసుపుగుడ్డ నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. అందులో చింతపిక్కలున్నాయి. ఉప్పునీళ్ళు తగిలితే మాత్రలు చింతపిక్కలవుతాయని అప్పుడే తెలిసింది. ఎవరినీ అడగలేదు.

మర్నాడు పేపర్లో "ప్రజల ఉత్సాహం చూసి నాయకుడికి స్వల్ప అలసట" అని వచ్చింది. సాయిశంకర్ పెట్టిన వీడియోలో నేను కాప్సూల్ తినిపించేదాకా ఉంది. ఉమ్మింది లేదు, తాయారు లేదు. అది చూసి జనం ఎగబడటంతో కొట్లలో సీసాలు దొరకడం లేదని అన్నారు.

ఆసుపత్రిలో ఆయనకూ నాలాగే గుండెలో గొట్టం వేశారు. చూడటానికి వెళితే, జేబు లేని ఆసుపత్రి అంగీలో, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పడుకుని ఉన్నారు. అందరినీ బయటికి పంపించి, తలుపు వెయ్యమన్నారు.

"నిజం చెప్పండి జగ్గారావు గారూ. మీరు నిజంగా ఆ మాత్రలు మానేశారాండీ?"

"మా తాయారు మీద ఒట్టండి."

"మాకు తెలీకుండా కూడా వేసుకోలేదా?"

"అబ్బే, లేదండి."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. అంత మెత్తటి గొంతు ఆయనకుందని నాకు తెలియదు. "మరి మీరు ఎలా బతికున్నారండి?"

"మీ ఉక్కుగుండె వల్లేనండి."

చాలాసేపు నా ముఖంలోకే చూశారు. అబద్ధం చెప్పే తెలివి ఆ ముఖంలో కనపడక కాబోలు, ఆయన కళ్ళల్లో నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"అయితే అది పనిచేస్తుందాండీ?"

"మీరే కదండీ సెప్పినారు!"

"నేను చెప్పాననుకోండి..." అని ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు. "ఈ డాక్టరు నాకు బోలెడు మాత్రలు రాశాడండి. జీవితాంతం వాడాలట. రేపు ఇంటికి వెళ్ళగానే అవన్నీ పారేస్తాను. కానీ గోడౌన్‌లో సీసాలు నాకొద్దండి. మీరు మింగుతున్నారే, మీ ఇంట్లో సీసా, అందులోవే కావాలి. మీ ఆవిడ్ని అడిగి తెచ్చిపెట్టండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది."

నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇన్నాళ్ళూ నేను ఆయన్ని నమ్మాను. ఇప్పుడు ఆయన నన్ను నమ్మారు.

పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. తాయారు పెరట్లో సీసా, పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. కోళ్ళు పళ్ళెంలో తలలు పెట్టి పొడుచుకుంటున్నాయి. సంగతంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఓలమ్మో. ఆయన కూడా మానీత్తాడా?"

"రేపట్నించేనే! మన సీసాయే కావాలన్నాడు!"

తాయారు కోళ్ళ వంక చూసింది. తర్వాత చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"సీసా ఇత్తాను గానీ, ముందల డాక్టరు ఆయనకి రాసిన మందుల సీటీ అడిగి తే. ఆ మాత్రలు పారీవొద్దను, నా కాడికే అంపమను. ఆటికి నిమజ్జనం నానే సేత్తాను."

"అలాగే" అని ఉత్సాహంగా బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది.

"వొచ్చీటప్పుడు సంతలో ఇంకో రెండు కోళ్ళు కూడా తే!"